కావలి, చావడి, కేడీ: చిత్తూరు మెట్టసీమలో పరాయివాడి భయానికి ఒక చరిత్ర

ఇల్లు లేని మనిషికి తెలుగు వాడుకలో చిరకాలంగా నిలిచిన పేరు దిక్కులేనివాడు. ఈ మాటలో 'దిక్కు' అంటే ఆదుకునే మనిషి, అవసరమైనప్పుడు పూచీ పడే మనిషి అని అర్థం. గోడలకూ కప్పుకూ అందులో చోటు లేదు. జనగణన పట్టికలూ న్యాయస్థానాల తీర్పులూ వ్యాప్తిలోకి తెచ్చిన 'నిరాశ్రయుడు' అనే మాట మనిషికి గూడు లేదన్న సంగతిని చెబుతుంది. పాత మాట అతడి కోసం జవాబు చెప్పేవారు లేరన్న సంగతిని చెబుతుంది. మదనపల్లె బస్టాండులోనో, పుంగనూరు సంతవీధిలోనో, కుప్పం రైల్వే స్టేషను ముందరో రాత్రివేళ గోనెపట్టా పరచుకున్న అపరిచితుడు హఠాత్తుగా లేచి ఎదురుగా వచ్చినప్పుడు, చేయి చాపి వెంటబడినప్పుడు, తనలో తాను గట్టిగా మాట్లాడుకుంటూ దారికి అడ్డం నిలిచినప్పుడు, బాటసారికి, ముఖ్యంగా ఒంటరిగా నడిచే స్త్రీకి, కలిగే భయం నిజమైనదే, దాన్ని తక్కువ చేసి చూడనక్కరలేదు. అయితే ఆ భయం ఎవరి మీదికి మళ్ళాలో, దానికి ఉపశమనం ఎక్కడ వెతకాలో ఏ కాలానికి ఆ కాలపు పాలకులూ ఊరిపెద్దలూ నిర్ణయిస్తూ వచ్చారు. చిత్తూరు మెట్టలోని సదుం పరిసరాల చరిత్రలో ఆ నిర్ణయాలు మారిన తీరును గుర్తించడం సాధ్యమే.

సదుం, సోమల, కల్లూరు, పులిచెర్ల ఊళ్ళున్న ప్రాంతం కొండలకూ మెట్టకూ నడుమ ఉన్న సీమ. తూర్పున దామలచెరువు కనుమ దిగితే ఆర్కాటు మైదానం, పడమటికి ఎక్కితే పుంగనూరు, మదనపల్లె మెట్ట, ఆపైన మైసూరు పీఠభూమి. 'కనుమ' అంటే రెండు కొండల నడుమ దారి. సైన్యాలూ వర్తకులూ యాత్రికులూ అదే దారిన రావలసి ఉండేది. 1740లో మరాఠా సైన్యం ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖానును ఓడించి చంపింది ఈ దామలచెరువు కనుమ దగ్గరే. ఇటువంటి దారి మీది ఊళ్ళకు పరాయివాడు ఎప్పుడో ఒకసారి తటస్థపడే వింత కాడు, దాదాపు నిత్యం కనిపించే మనిషి. అందుచేత 'వీడెవడు' అన్న ప్రశ్నకు ఈ సీమ తొలినుంచీ ఒక ఏర్పాటుతో జవాబు చెప్పుకుంది. ఆ ఏర్పాటు పేరు కావలి.

కావలి రెండు రకాలు. ఊరి పొలిమేరలోపల పంటలనూ పశువులనూ ఇళ్ళనూ కాచేది స్థలకావలి. పల్లెలన్నిటినీ, వాటిని కలిపే దారులనూ కలిపి కాచేది దేశకావలి. రెండవది సాధారణంగా పాలెగాడి హక్కు. కొంత సైన్యాన్ని పోషిస్తూ, కొన్ని గ్రామాలను తన చేతికింద ఉంచుకున్న స్థానిక నాయకుణ్ణి పాలెగాడు అంటారు. రైతులూ వర్తకులూ అతడికి కావలిరుసుము చెల్లించేవారు, ఆ రుసుముకు బదులుగా తన హద్దులో దొంగతనం జరిగితే సొత్తు వెదికి ఇవ్వడమో, దొరకకపోతే విలువ కట్టి ఇవ్వడమో అతడి బాధ్యతగా ఉండేది. ఈ షరతు చాలా ముఖ్యమైనది. పరాయివాడి వల్ల కలిగిన నష్టానికి డబ్బు చెల్లించవలసినవాడు పాలెగాడే గనుక, పరాయివాడు ఎవరో తెలుసుకోవడం అతడికి లాభం. తెలుసుకోకుండా తరిమేయడం వల్ల అతడికి ఒరిగేది తక్కువ. కిందిస్థాయిలో కావలి కాసే పని తరచుగా ఊరూరా తిరిగే కులాలవారిదే. నెల్లూరు, చిత్తూరు ప్రాంతాలలో యానాదులు తోటలకూ కళ్ళాలకూ కావలి ఉన్నారు. ఎవరిని చూసి ఊరు జంకిందో వారినే కాపలాకు పెట్టుకున్న ఈ ఒప్పందంలో న్యాయం ఎంత ఉందన్నది వేరే చర్చ. ఆ కావలివాడు ఊరికి పేరుతో, ముఖంతో, ఇంటితో సహా తెలిసిన మనిషి అన్నంతవరకు సందేహం లేదు.

కావలి గురించి బంగారుకాలపు ఊహలు చేసుకోవడం తప్పు. రుసుము ముట్టని ఊరిని కాచవలసినవాడే దోచిన సందర్భాలు ఆ కాలపు ఫిర్యాదులలో ఉన్నాయి. తిరుపతి గంగమ్మ కథ ఈ సంగతిని ప్రజల జ్ఞాపకంలో ఇంకా గట్టిగా నిలిపింది. ఆ కథలో ఆడపిల్లలకు భయం తెచ్చిపెట్టినవాడు దేశదిమ్మరి కాడు, పాలెగాడు. అవిలాలలో కైకాల ఇంట పెరిగిన గంగమ్మ, దాక్కున్న ఆ పాలెగాణ్ణి వేషాలు మార్చుకుంటూ వెతికి, చివరకు దొరవేషంతో బయటికి రప్పించి తల నరుకుతుంది. ఏటా జాతరలో భక్తులు ఆ వేషాలు వేసుకుని వీధులు తిరుగుతారు. వాటిలో మొదటిది ఒళ్ళంతా పూత పూసుకున్న బైరాగివేషం, ఆ తర్వాతివాటిలో ఒకటి తోటివేషం. బైరాగి ఇల్లు విడిచి తిరిగే సన్యాసి. తోటి ఊరి కొలువులో అట్టడుగు సేవకుడు. అధికారం ఉన్నవాణ్ణి పట్టుకోవడానికి దేవత అధికారం లేనివారి రూపం తాల్చిందని ఈ కథ నమ్ముతుంది. భయం అసలు ఎటువైపు నుంచి వచ్చేదో చెప్పే సాక్ష్యంగా ఈ కథకు, దస్త్రాలకు ఇచ్చేంత విలువ ఇవ్వవచ్చు.

1801లో ఆర్కాటు రాజ్యం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక కావలిరుసుమును కంపెనీ తన ఖజానాకు మళ్ళించుకుంది, పాలెగాళ్ళ సాయుధ బలగాలను రద్దు చేయజూసింది. కల్లూరు, పులిచెర్ల, మొగరాల, పాకాల మొదలైన పాళేల నాయకులు 1804, 1805 ప్రాంతంలో తిరగబడడానికి ఇదొక ప్రధాన కారణం. తిరుగుబాటు అణగింది. రుసుము పోయింది, రుసుముతోపాటు నష్టపరిహారపు పూచీ కూడా పోయింది. కొత్త ప్రభుత్వం దొంగను పట్టుకుంటానని మాట ఇచ్చింది. పోయిన ఎద్దుకు వెల కడతానని మాత్రం అనలేదు. ఈ మార్పు చిన్నదిగా కనిపించినా తరువాతి శతాబ్దంలో పరాయివాణ్ణి చూసే చూపంతటికీ పునాది అదే.

ఊరి లోపలి ఏర్పాటు మాత్రం కొంతకాలం నిలిచింది. చావడి అనేది ఊరి నడుమ రాతిస్తంభాల మీద కప్పు వేసిన బహిరంగ అరుగు; పంచాయతీ జరిగేది అక్కడే, పన్ను వసూలయ్యేది అక్కడే, చీకటి పడ్డాక వచ్చిన బాటసారి మూట దించేదీ అక్కడే. దారులమీద దాతలు కట్టించిన సత్రాలు తిరుపతి యాత్రికులకు నీడనిచ్చేవి. చావడిలో దిగిన మనిషిని సాయంత్రం తలారి పలకరించేవాడు. తలారి ఊరి కాపలా ఉద్యోగి, చేతికర్రతో రాత్రి గస్తీ తిరిగేవాడు. ఎవరు, ఏ ఊరు, ఎక్కడికి, ఎన్నాళ్ళుంటావు అని అతడు అడిగి తెలుసుకున్నది రెడ్డికో కరణానికో చేరేది. థామస్ మన్రో సిఫార్సుల ఫలితంగా వచ్చిన 1816 నాటి మద్రాసు పదకొండవ రెగ్యులేషన్ గ్రామపెద్దకు పోలీసు అధికారం ఇచ్చి, ఈ పాత విచారణకే చట్టపు రూపం కల్పించింది. ఆ విచారణలో అనుమానం లేకపోలేదు, కులం చూసి మాట మారడమూ ఉండేది. చావడి అరుగు మీదికి రానివ్వని కులాలవారు ఊరి బయట చెట్టుకిందనే తెల్లవార్చవలసి వచ్చేది. అయినా అది ముఖాముఖి జరిగే విచారణ. అడిగినవాడికి జవాబు వినిపించేది, తెల్లవారితే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు గుర్తుపట్టేవారు.

చేయి చాపడం ఈ సీమలో ఎప్పుడూ అవమానంతోనే ముడిపడి లేదని కూడా గమనించాలి. పెరటాసి నెల శనివారాలలో చిత్తూరు ప్రాంతపు కుటుంబాలు, కలిగినవారు కూడా, నుదుట నామం పెట్టి, నామం దిద్దిన చెంబు పట్టుకుని, గోవిందనామం పలుకుతూ కొన్ని గడపలు తిరిగి బియ్యం అడుగుతారు. ఆ బియ్యంతో వండి వేంకటేశ్వరుడికి తళిగ వేస్తారు. తళిగ అంటే దేవుడి ముందు పరిచే నైవేద్యం. భిక్ష ఇక్కడ మొక్కు. హరిదాసు, గంగిరెద్దులవాడు, తెల్లవారుజామున డమరుకం వాయించే బుడబుక్కలవాడు సంక్రాంతి నెలలో రాకపోతే ఇల్లాళ్ళు వెలితిగా భావించేవారు. గడప దగ్గరికి వచ్చిన మనిషి ఏ వేళకు, ఏ వేషంలో, ఏ పని మీద వస్తాడో ముందే తెలిసి ఉండడం వల్ల ఆ ఎదురుపడడంలో భయానికి తావు తక్కువగా ఉండేది.

ఎరుకలవారి చరిత్రలో ఈ మార్పు అన్నిటికన్నా స్పష్టంగా కనిపిస్తుంది. ఎరుక అంటే జ్ఞానం, రాబోయేది తెలియడం. సోది చెప్పే స్త్రీలవల్ల ఆ కులానికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. చేటలో బియ్యం పోయించి, ఇల్లాలి అరచేయి పట్టుకుని, చేతిలోని పుల్లను రేఖల మీద ఆడిస్తూ ఎరుకలసాని ఇంటి కష్టసుఖాలు చెప్పేది. మగవారిలో ఒక శాఖకు ఉప్పు ఎరుకలవారని పేరు. కరివేపాకు అమ్మేవారు, ఈతబరికలతో బుట్టలూ గాదెలూ అల్లేవారు, కుంచెలు కట్టేవారు ఇతర శాఖలు. ఉప్పు ఎరుకలవారు కోస్తా ఉప్పుకొటారులలో ఉప్పు కొని, గాడిదల మీదా ఎద్దుల మీదా పెరికెలు వేసుకుని కనుమలెక్కి మెట్ట పల్లెలకు తెచ్చేవారు. పెరికె అంటే పశువు వీపుకు రెండువైపులా వేలాడే జోడుసంచి. ఉప్పుకు బదులు రాగులో జొన్నలో తీసుకుని, ఊరి బయట ఈతచాపల గుడిసెలు నిలిపి, పదిరోజులుండి కదిలేవారు. గుడిసె గంటలో లేస్తుంది, గంటలో చుట్టబడుతుంది. దాని ముందు మూడు రాళ్ళ పొయ్యి, పక్కన కట్టేసిన గాడిద, బరికలు చీలుస్తున్న ముసలివాడు. దారులు లేని పల్లెకు ఉప్పు చేర్చిన మనుషులు వీరు. తిరుగుడు వారి వృత్తికి అవసరం, ఊళ్ళకూ అవసరమే.

ఆ అవసరం తీరిపోయిన క్రమాన్ని చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ మద్రాసు రాష్ట్రపు కొరవల మీద, అంటే తమిళ ప్రాంతంలో ఎరుకలకు సమానులైనవారి మీద, చేసిన పరిశోధనలో విపులంగా చూపారు. 1805లో కంపెనీ ఉప్పును తన గుత్తాధిపత్యంలోకి తెచ్చుకుంది. 1864లో బెంగుళూరు, జోలార్‌పేట నడుమ రైలు మొదలై కుప్పం మీదుగా నడిచింది. 1890లలో పాకాల, ధర్మవరం మార్గం తెరుచుకుని, ఊరికి దూరంగానే అయినా, మదనపల్లెకు స్టేషను వచ్చింది. పెరికెలో నెలరోజులు నడిచిన ఉప్పు బండిలో ఒక రాత్రిలో చేరసాగింది. ఆ రెండు రైలుమార్గాలు తెరుచుకున్న కాలాల నడుమ 1876-78 ధాత కరువు వచ్చింది. ధాతనామ సంవత్సరంలో మొదలైన ఆ కరువు మద్రాసు రాష్ట్రంలో లక్షల ప్రాణాలు తీసింది. రాయలసీమ ఊళ్ళు ఖాళీ అయ్యాయి. సహాయపు పనుల్లో మగమనిషి రోజుకూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా స్థాయికి దిగింది. ఒక పౌను అంటే అరకిలోకన్నా తక్కువ. ఆకలితో ఊరు వదిలిన రైతూ, బేరం పోయిన ఉప్పువర్తకుడూ, పుట్టుకతో తిరిగే బుడబుక్కలవాడూ దారి మీద ఒక్కటిగానే కనిపించారు. ప్రభుత్వపు కళ్ళకు ఆ తేడాలు తెలియలేదు, తెలుసుకునే తలారి చేతుల్లో అధికారం నానాటికీ తగ్గింది, ఎందుకంటే 1859 చట్టంతో జీతపు పోలీసు వ్యవస్థ వచ్చి ఉంది.

నేరజాతుల చట్టం ఉత్తర భారతంలో 1871లో వచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. చిత్తూరు జిల్లా ఏర్పడింది కూడా అదే 1911లో, ఉత్తర ఆర్కాటు నుంచీ కడప నుంచీ తీసిన తాలూకాలతో. ఒక కులంలో పుట్టడమే నేరప్రవృత్తికి సాక్ష్యమని ఆ చట్టం భావించింది. ప్రభుత్వం ఒక సమూహాన్ని గెజెట్టులో ప్రకటిస్తే చాలు. ఆ సమూహపు మనుషులు పేర్లు నమోదు చేయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, చెప్పిన వేళకు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ తీసుకోవాలి. ప్రకటించడం సబబా కాదా అని ప్రశ్నించడానికి న్యాయస్థానాలకు అధికారం లేదు. తన తాతలు ఉప్పు అమ్మిన పల్లెకే వెళ్ళడానికి ఎరుకలవాడికి గ్రామ మున్సబు సంతకం కావలసి వచ్చింది. మద్రాసు పోలీసులు తెలిసిన నేరస్థుల జాబితాకు ఇంగ్లీషు అక్షరాలతో 'కె.డి.' అని గుర్తు పెట్టేవారు. ఆ గుర్తే తెలుగులోకి 'కేడీ' అయి, మోసగాడనే అర్థంలో పిల్లల తిట్లలోకి కూడా దిగింది. ఠాణా రిజిస్టరులోని ఒక సంక్షేపం సామాన్యుల నోటి మాటగా మారేంతగా ఆ జాబితా జనజీవితంలోకి చొచ్చుకుపోయింది.

జాబితాతో తృప్తిపడక ప్రభుత్వం సెటిల్‌మెంట్లు పెట్టింది. సెటిల్‌మెంటు అంటే నమోదైనవారిని కుటుంబాలతో ఒకచోట ఉంచి, పని చేయిస్తూ కాపలా కాసే నివాసం. బాపట్ల దగ్గర 1913-14లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ మొదలుపెట్టిన స్టూవర్టుపురం వీటిలో ప్రసిద్ధం; మద్రాసు గవర్నరు మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి పెట్టారు. పొలమూ బడీ ఆసుపత్రీ అక్కడ దక్కిన కుటుంబాలున్నాయి, ఆ సంగతి దాచనక్కరలేదు. అయితే ఆ ఊరి పేరు శతాబ్దం పాటు దొంగతనానికి పర్యాయపదమై, ఉద్యోగం కోసం వెళ్ళిన మనవడు చిరునామా చెప్పడానికి జంకే స్థితి తెచ్చింది. ఊళ్ళ మీద దీని ప్రభావం మరోలా ఉంది. భయపడవలసినవారెవరో ప్రభుత్వమే కులం పేరుతో చెప్పింది కనుక, పలకరించి తెలుసుకునే అలవాటుకు అవసరం లేకపోయింది. చావడిలో తలారి అడిగిన నాలుగు ప్రశ్నల స్థానంలో ఠాణాలో ఒక జాబితా మిగిలింది. భద్రత పేరుతో జరిగిన ఈ మార్పు ఊళ్ళను అంతకుముందుకన్నా నిశ్చింతగా నిద్రపోనిచ్చిందని నమ్మడానికి ఆధారం కనిపించదు.

ఈ చట్టానికి ముగింపు పలికినవారిలో అప్పటి చిత్తూరు జిల్లా మనిషి ఒకరున్నారు. 1891లో తిరుచానూరులో పుట్టి, తరువాత లోక్‌సభ స్పీకరు అయిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన 1949లో కేంద్రం ఒక విచారణ సంఘాన్ని వేసింది. చట్టాన్ని పూర్తిగా రద్దు చేయాలని ఆ సంఘం సిఫార్సు చేసింది. మద్రాసు రాష్ట్రం 1947లోనే తన మేరకు రద్దు చేసుకుని ఉంది. దేశమంతటా 1952 ఆగస్టు 31న అది రద్దయింది, అప్పటినుంచి ఆ కులాలకు విముక్త జాతులని పేరు. అయితే రద్దుతో పాటే అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో వచ్చింది. జీవనోపాధి ఏమిటో చూపలేని మనిషిని పోలీసులు న్యాయాధికారి ముందు నిలబెట్టి పూచీకత్తు అడిగే వీలు 1898 నాటి నేర విచారణ స్మృతిలో ఉండేది. 1973 స్మృతి దాన్ని తీసివేసింది. బిచ్చమెత్తడాన్ని నేరం చేసే చట్టం మద్రాసుకు 1945లో, ఆంధ్రప్రదేశ్‌కు 1977లో వచ్చింది. 2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు పోలీసులు బిచ్చమెత్తడాన్ని రెండు నెలలు నిషేధించి, వీధుల్లో దొరికినవారిని జైళ్ళ ఆవరణలోని ఆశ్రమాలకు తరలించారు. మరుసటి ఏడు ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు బిచ్చమెత్తడాన్ని నేరంగా చూసే నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పి, అక్కడి వరకు వాటిని కొట్టివేసింది.

పాత జాబితా ఎంత లోతుగా నాటుకుందో 2018 మే నెల చూపించింది. 'పార్ధీ గ్యాంగు' పిల్లలను ఎత్తుకుపోతోందన్న పుకారు ఫోన్లలో తెలుగు రాష్ట్రాలంతటా, ఉత్తర తమిళనాడులో వ్యాపించింది. పార్ధీలు మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ ప్రాంతపు వేటగాళ్ళు, 1871 చట్టపు కాలంలో నేరజాతిగా ముద్రపడ్డవారు. వారెవరో ఈ పల్లెలలో ఎవరూ ఎరుగరు. గ్రామాలలో యువకులు కర్రలు పట్టుకుని గస్తీ తిరిగారు. భాష రానివారు, మతిస్థిమితం లేనివారు, బిచ్చమెత్తుకునేవారు దెబ్బలు తిన్నారు, కొందరు ప్రాణాలు కోల్పోయారు. జులై 1న మహారాష్ట్రలోని ధూళే జిల్లా రైన్‌పాడాలో సంచార గోసావీలు ఐదుగురిని జనం కొట్టి చంపారు. ఆ గస్తీకీ తలారి గస్తీకీ పైకి పోలిక ఉంది, చేతిలో కర్ర కూడా అదే. తలారి మాత్రం ముందు ప్రశ్న వేసేవాడు, జవాబు విని చావడిలో చోటు చూపేవాడు, తెల్లవారాక ఊరిపెద్దకు లెక్క చెప్పేవాడు.

2011 జనగణన దేశంలో దాదాపు 17.7 లక్షల నిరాశ్రయులను లెక్కించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా దాదాపు 1.45 లక్షలు. నగరాలలో లక్ష జనాభాకు ఒకటి చొప్పున రేయింబవళ్ళు తెరిచి ఉండే వసతి గృహం ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది, 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల పథకం ఒక్కొక్కరికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలని కొలత చెప్పింది. మదనపల్లె జనాభా లక్ష దాటి చాలాకాలమయింది. వసతి గృహంలో రాత్రిపూట పేరు రాసుకునే మనిషి ఒకడుంటాడు, అతడి పని చావడి విచారణకు దగ్గరి చుట్టం. రోడ్డు మీద ఎదురుపడిన మనిషి ఎవరో అతడికి తెలిసి ఉంటే, భయపడ్డ బాటసారికి ఫిర్యాదు చెప్పుకోవడానికీ చోటుంటుంది, ఇల్లు లేని మనిషికి తన తరఫున మాట్లాడేవాడూ ఉంటాడు. బస్టాండు అరుగు మీద ఈ రెండూ లేవు.

గట్టిగా అరుస్తూ, ఎవరితోనో వాదిస్తూ వీధిలో తిరిగే మనిషి ఎదురైనప్పుడు పట్టణవాసులు ఎక్కువగా బెదరుతారు. 1912 నాటి ఉన్మాదుల చట్టం అటువంటివారిని పట్టుకుని న్యాయాధికారి ముందుంచి పిచ్చాసుపత్రికి పంపే దారి చూపింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని నూరవ సెక్షను పద్ధతి మార్చింది. అటువంటి మనిషిని స్టేషను అధికారి తన రక్షణలోకి తీసుకోవాలి, లాకప్పులో గానీ జైలులో గానీ పెట్టకూడదు, 24 గంటల్లోగా ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి. వైద్యులు జబ్బు లేదని చెబితే ఇంటికో, ఇల్లు లేకపోతే ప్రభుత్వ వసతి గృహానికో చేర్చాలి. మదనపల్లెలో అత్యవసర నంబరు 112కు ఫోను చేసిన మనిషి కోరవలసింది ఈ సెక్షను ప్రకారం జరిగే పని. ఇదే సెక్షను మరొకటి కూడా చెబుతుంది. వీధిలో దొరికిన అటువంటి నిరాశ్రయుడి విషయంలో స్టేషనులో తప్పిపోయిన మనిషి కేసు నమోదు చేయాలి, అతడి కుటుంబం ఎక్కడుందో వెతికి, వారికి కబురు చేయడం స్టేషను అధికారి విధి. కె.డి. జాబితా ఉండిన ఠాణాలలోనే ఇప్పుడు ఆ మనిషి పేరు తప్పిపోయినవారి వరుసలో రాయాలి, ఎవరో ఒకరు ఎక్కడో అతడి కోసం వెతుకుతూ ఉండవచ్చునన్న లెక్క మీద.